రంగు కింది తుప్పు

విమానానికి కూడా తుప్పు పట్టుతదా అని మా గల్లీలో నలుగురు నన్ను అడిగిండ్రు. పట్టుతది. అయితే అది మనం మిల్లులో చూసిన ఎర్ర తుప్పు కాదు. విమానం ఒళ్లంతా అల్యూమినియం రేకు. దానికి పట్టే తుప్పు తెల్లగా, సున్నం పొడి లెక్క ఉంటది. ఒక్కోసారి బూడిద రంగులో ఉంటది. పైన మంచి నిగనిగలాడే రంగు ఉన్నదంటే కంటికి అసలు కనిపించదు. ఆ కనిపించని తుప్పును ఎట్ల వెతికి పట్టుకుంటరో రెండు రోజులు దగ్గరుండి చూసి వచ్చిన. మన పత్రిక చదివేటోళ్లలో సగం మంది యంత్రాల మధ్య బతికినోళ్లే కాబట్టి మీకు చెప్పబుద్ధి అయింది.

మా తమ్ముని బిడ్డ ఒక విమానాల బడిలో టెక్నీషియన్. పైలట్లు కావాలనుకునే పిల్లలు అక్కడ సెస్నా అనే చిన్న విమానాల మీద నేర్చుకుంటరు. ముందర ఒక్క పంకా, లోపల ఇద్దరో నలుగురో కూర్చునే జాగా, అంతే. మా బిడ్డ పని నడిపేది కాదు, బాగుచేసేది. వాళ్ల షెడ్డును హ్యాంగర్ అంటరు. వానకాలం వెళ్లినంక పని ఎక్కువ ఉంటది, వచ్చి చూసిపో అన్నది. అక్కడి పెద్ద ఇంజనీరు సారు ఒప్పుకున్నడు, గేటు కాడ చీటీ రాసిచ్చిండ్రు, పోయిన.

లోపలికి అడుగు పెట్టంగనే మా బిడ్డ చెప్పిన మొదటి మాట, "పెద్దనాయినా, చేతులు జేబులో పెట్టుకో. ఏదీ ముట్టకు." నలభై ఏండ్లు సాంచాల నడుమ తిరిగిన చేతులు ఊకే ఉండయని దానికి తెలుసు.

ముందుగా కంట్రోల్ సర్ఫేసులు అంటే ఏందో చెప్పాలె. రెక్క చివరన వెనక అంచుకు మడతబందుల మీద ఆడే పలకలు ఉంటయి, వాటిని ఐలరాన్లు అంటరు. ఒకటి పైకి లేస్తే ఇంకోటి కిందికి పోతది, విమానం పక్కకు ఒరుగుతది. తోక కాడ అడ్డంగా ఉండే పలక ఎలివేటర్, అది ముక్కును పైకీ కిందికీ తిప్పుతది. నిలువుగా ఉండేది రడ్డర్, పడవ చుక్కాని వంటిది. ఎలివేటర్ అంచున ఇంకో చిన్న ముక్క ఉంటది, దాని పేరు ట్రిమ్ ట్యాబ్. ఎడ్లబండికి పగ్గాలు ఎట్లనో విమానానికి ఇవి అట్ల. ఇంజన్ ఆగినా పైలట్ విమానాన్ని గాలిలో తేలించుకుంట దించుకోవచ్చు. పగ్గం చేతికి రాకుంటే మాత్రం చేసేది చాలా తక్కువ.

ఇంత ముఖ్యమైన పలకలు ఎంత గట్టిగా ఉంటయో అనుకున్న. రెండు పోస్టుకార్డులు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంత మందమో, ఆ రేకు అంతకు మించదు. అర మిల్లీమీటరుకు అటూ ఇటూ. బరువు తగ్గాలె కాబట్టి అట్ల చేస్తరు. బలం కోసం రేకును మన ఇండ్ల కప్పు రేకుల లెక్క గీతలు గీతలుగా వంచుతరు, లోపల సన్నని పక్కటెముకలు పెట్టి రివిట్లతో బిగిస్తరు. లోపలంతా డొల్ల. ఇంత పల్చని రేకు లోపలి నుంచి మిల్లీమీటరులో పదో వంతు తినబడితే, నాలుగో వంతు, అయిదో వంతు బలం పోయినట్టే. సాంచా చట్రానికి అంత మాత్రం తుప్పు పడితే మనం గుడ్డతో తుడిచి పని నడిపించుకుంటుంటిమి.

ఆ అల్యూమినియం కూడా ఉత్త అల్యూమినియం కాదు. మన వంట గిన్నెల అల్యూమినియం మెత్తన. విమానం రేకులో బలం రావడానికి రాగి కలుపుతరు. రాగి కలిస్తే బలం వస్తది గానీ తుప్పుకు లోకువ అయితది. అందుకని రేకుకు రెండు పక్కలా స్వచ్ఛమైన అల్యూమినియం పల్చటి పొర ఎక్కిస్తరు. ఆ పొర ఉన్నంత సేపు రేకు బాగుంటది. గీత పడ్డా, ఎవరన్నా గట్టిగా గీకినా పొర పోతది, నీళ్లు లోపలి రాగి లోహాన్ని అందుకుంటయి.

ఇక్కడనే ఒక కొత్త సంగతి తెలిసింది. అల్యూమినియం మీది మరకను ఉక్కు పీచుతో గాని, ఉక్కు బ్రష్షుతో గాని రుద్దకూడదట. సన్నటి ఉక్కు తునకలు మెత్తని లోహంలో గుచ్చుకొని మిగిలిపోతయి, ఒక్కో తునక చుట్టూ కొత్తగా తుప్పు మొదలైతది. రెండు వేరు వేరు లోహాలు తగిలి మధ్యన తడి ఉంటే అది చిన్న బ్యాటరీ సెల్లు లెక్క పని చేస్తదని మా బిడ్డ చెప్పింది. సెల్లులో జింకు ఎట్ల కరిగిపోతదో ఇక్కడ అల్యూమినియం అట్ల కరిగిపోతది. అందుకే ఉక్కు బోల్టు అల్యూమినియం బ్రాకెట్టులో కూర్చున్న మడతబందు కాడ వాళ్లు ఎక్కువ సేపు నిలబడి చూస్తరు. యానాంలోనూ ముంబయిలోనూ ఉన్న మనోళ్లకు ఇది తొందరగా అర్థమైతది, ఉప్పు గాలికి కిటికీ చట్రం ఏ మూల ముందుగా పోతదో వాళ్లు రోజూ చూస్తరు. స్క్రూ ఉన్న చోటనే పోతది.

ఇగ వెతికే పని. ముందుగా విమానాన్ని కడిగి ఆరబెడతరు. మట్టి మీద చూస్తే మట్టే కనిపిస్తది. ఆరినంక మా బిడ్డ షెడ్డు తలుపు సగం మూసి టార్చి తీసుకున్నది. టార్చిని రేకుకు ఎదురుగా పట్టలేదు. రేకు మీద పడుకోబెట్టినట్టు పక్కవాటుగా పట్టి వెలుగు పారించింది. అట్ల పడితే ఎంత చిన్న ఉబ్బు ఉన్నా దాని నీడ పొడుగ్గా పడుతది. నాకు మా ఫోల్డింగ్ ఖాతా యాదికొచ్చింది. అక్కడ వాలుబల్ల మీద గుడ్డను వెలుతురుకు లాగి చూసేటోళ్లు. నేరుగా చూస్తే కనిపించని తెగిన పోగు, పల్చటి పట్టీ అట్ల వాలుగా చూస్తే దొరికేటివి.

వెలుగులో చూసింది సాలదని చేతితొడుగు తీసేసి వేళ్లతో తడిమింది. రివిట్ల వరుస మీద వేలు మెల్లగా జరుపుకుంట పోతది. రివిట్టు తల కొంచెం లేచి ఉన్నా, చుట్టూ నల్లటి మసి గీత కారినట్టు ఉన్నా ఆగుతది. నల్లగీత ఉంటే ఆ రివిట్టు తన గుంతలో కదులుతున్నట్టు. రెండు రివిట్ల నడుమ రేకు ఉబ్బితే ఇంకా పెద్ద అనుమానం. తుప్పు పొడి, అది పుట్టిన లోహం కన్న ఎన్నో రెట్లు జాగా ఆక్రమిస్తది. రెండు రేకులు అతికిన చోట లోపల తుప్పు పుడితే అది రేకును బయటికి తోస్తది. రివిట్లు పట్టి ఉంచిన కాడ రేకు కిందికే ఉంటది, నడుమ లేస్తది. మన బొంత కుట్ల నడుమ ఎట్ల ఉబ్బుతదో అట్లనే. ఇంగ్లీషోళ్లు కూడా దీనికి దిండు మాటనే పెట్టిండ్రు, పిల్లోయింగ్ అంటరట.

ఇంకో రకం తుప్పు పేరు వింటే నాకు నవ్వొచ్చింది. ఫిలిఫార్మ్ అంటరట, అంటే నూలుపోగు రూపం అని అర్థం. రంగు కింద, గీత పడ్డ కాడనో రివిట్టు అంచు కాడనో మొదలై సన్నటి దారం లెక్క వంకరలు తిరుగుకుంట పోతది. పైన రంగు చిన్న గట్టు కట్టినట్టు లేస్తది. రంగు వేసేముందు రేకును సరిగ్గా శుభ్రం చెయ్యకపోతే, ప్రైమర్ సరిగ్గా పట్టకపోతే వస్తది. దీనికి తేమ గాలి అంటే ఇష్టం. పోగు తెగకుండా మన నేత ఖాతాలో గాలికి తేమ పట్టించేటోళ్లు కద, నూటికి డెబ్బై అయిదు, ఎనభై వంతుల దాకా. అటువంటి గాలి దీనికి పండుగ.

నేను పోయిన మొదటి రోజు మధ్యాహ్నం, ఎలివేటర్ అడుగు భాగంలో వెనక అంచు దగ్గర మా బిడ్డ వేలు ఆగింది. సజ్జగింజంత పొక్కు. నన్ను పిలిచి చూపించింది. టార్చి పక్కకు జరిపితే నాకు ఏమీ కనిపించలేదు. మళ్లీ వాలుగా పడితే నీడ కనిపించింది. దాని పక్కనే ఇంకో రెండు ఉన్నయి.

ఎందుకు అడుగు అంచుకే వచ్చిందో తర్వాత అర్థమైంది. విమానం నిలబెట్టినప్పుడు ఎలివేటర్ వాలిపోయి అంచు నేల దిక్కుకు ఉంటది. వాన నీళ్లు, మంచు తడి, కడిగిన నీళ్లు లోపలికి ఎట్లనో జొరబడి అంచుకు చేరుకుంటయి. అవి కారిపోవడానికి అడుగున చిన్న చిన్న రంధ్రాలు పెట్టి ఉంటయి. ఆ రంధ్రం మూసుకుపోతే లోపల చెరువే. రంగు వేసేటోడు చూడక రంధ్రం మీద రంగు కొడతడు. లేకుంటే దుమ్ము కూరుకుంటది. లేకుంటే కుమ్మరి పురుగు మట్టితో గూడు కట్టుకుంటది. రంధ్రం బాగున్నా చాలని కాదు. కొన్ని విమానాల ట్రిమ్ ట్యాబ్ లోపల గట్టిదనం కోసం నురుగు వంటి ఫోమ్ నింపి చేసిండ్రు. ఆ ఫోమ్ తడిని పట్టి వదలదు, తడి పరుపును గోడకు ఆనించినట్టు అయితది. పైకి బాగానే ఉండి లోపలి నుంచి రేకు తినబడుతది. అట్లాంటి పలకలను రూపాయి బిళ్లతో తట్టి వింటరు. బాగున్న చోట చప్పుడు కంగుమంటది, లోపల పట్టు వదిలిన చోట డొక్కుగా వినిపిస్తది. కుండ కొనేటప్పుడు మనం చేసే పనే.

ఎలుకల సంగతి కూడా చెప్పాలె. చాలా రోజులు కదలకుండా నిలబెట్టిన విమానంలో ఎలుకలు దూరి రెక్కలో గూడు పెడతయి. గూడు కన్న వాటి ఉచ్చ పెద్ద కష్టం, అది అల్యూమినియాన్ని తొందరగా తినేస్తది. నూలు గోదాములో ఎలుక పాడు చేసిన బేళ్లు చూసినోళ్లకు నేను ఎక్కువ చెప్పే పని లేదు. రోజూ ఎగిరే విమానం కన్న మూలకు పెట్టిన విమానానికే తుప్పు ఎక్కువ అని సారు అన్నడు. బంద్ పడ్డ మిల్లులో సాంచాలు ఏమైనయో మనం కండ్లారా చూసినం.

పొక్కు దొరికినంక మా బిడ్డ దాన్ని గీకలేదు. ముందుగా సారును పిలిచింది. ఆయన అద్దాలు నొసటి మీదికి నెట్టి, పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం పెట్టి చూసిండు. తర్వాత బోరోస్కోపు తెప్పించిండు. కడుపులోకి గొట్టం వేసి చూసే డాక్టరు పరికరం లెక్కనే ఉంటది. సన్నటి తీగ, దాని కొనకు కెమెరా, పక్కన చిన్న దీపం. ఎలివేటర్ కొసన ఉన్న రంధ్రంలోంచి దాన్ని లోపలికి పంపిండ్రు. చిన్న టీవీ మీద లోపలి బొమ్మ వచ్చింది. పక్కటెముకలు, రివిట్ల తోకలు, అన్నీ బాగున్నయి. అంచు దగ్గరికి వచ్చేసరికి ఎర్రమట్టి ముద్ద. కుమ్మరి పురుగు గూడే. రంధ్రం పూర్తిగా మూసుకుపోయింది. దాని పక్కన నీళ్లు నిలిచిన గుర్తు, చెరువు ఎండినంక గట్టుకు చార మిగిలినట్టు. ఆ చార పొడుగునా తెల్ల పొడి.

ఆ విమానం మరునాడు పొద్దున ఎగరాలె. ఒక పిల్ల మొదటిసారి ఒంటరిగా ఎగిరే రోజట. పక్కన గురువు లేకుండా ఒక్కతే. ఆ పిల్ల సాయంత్రం వచ్చి విమానం చుట్టూ తిరిగి చూసుకొని పోయింది. ఆమెను చూసినంక నా కడుపులో ఏదో అయింది. మన పిల్లల ఈడే.

అంతలో ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. సారు మాట్లాడింది విన్న. అవతల ఏం అన్నరో తర్వాత చెప్పిండు. పొక్కే కద, పైన ఇంత రంగు పూసి పంపుండ్రి, వచ్చే చెకింగుల చూసుకుందాం, పిల్లల గంటలు ఆగిపోతున్నయి అన్నరట. సారు గొంతు పెంచలేదు. "కాగితం మీద సంతకం నాది. ఆ పలక విప్పుతున్న" అని ఫోను పెట్టేసిండు. జాబర్లు చెప్పింది వినీ వినీ బతికినోన్ని నేను. అట్ల అనే మనిషిని చూస్తే ఇప్పటికీ కొంచెం ఆశ్చర్యమే.

రాత్రి దాకా కూర్చొని ఎలివేటర్ విప్పిండ్రు. బల్ల మీద పెట్టి పొక్కుల కాడి రంగును మందుతో మెత్తబరిచి తీసిండ్రు. రేకు మీద బూడిద రంగు మచ్చలు, మచ్చల్లో గుంతలు. సారు లైట్లు ఆపమన్నడు. మా బిడ్డ టార్చిని పలక కొసన రంధ్రానికి ఆనించి లోపలికి వెలిగించింది. చీకట్లో ఆ రేకు మీద మూడు చుక్కలు మెరిసినయి, సూది మొనంత. రేకు అవతలి దాకా తినబడింది. ఆ మూడు చుక్కల మీదనే రంగు పూయమన్నరు.

మూడు సూది రంధ్రాలకు విమానం కూలుతదా అని నేను అడిగిన. సారు ఓపిగ్గా చెప్పిండు. ఆ మూడింటికి రేపే కూలకపోవచ్చు. కానీ చుట్టూ ఎంత మేర పల్చబడిందో తెలియదు, పల్చబడ్డ రేకు గాలి తాకిడికి వంగి వంగి రివిట్టు గుంత కాడ చీరుకుపోతది. ఇంకో ప్రమాదం బరువుది. ఈ పలకలు మడతబందు మీద త్రాసు లెక్క తూగాలె. ఎలివేటర్ ముందు కొసల్లో అందుకోసమే బరువు ముక్కలు పెడతరు. మడతబందు వెనక దిక్కు బరువు పెరిగితే, ఒక వేగం దాటినంక పలక దానంతట అదే కొట్టుకోవడం మొదలు పెడతది. దాన్ని ఫ్లట్టర్ అంటరు. గాలికి జెండా కొట్టుకోవడం చూసినం కద, అట్లనే, కాకపోతే ఇది రేకు. కొట్టుకున్న కొద్దీ ఊపు పెరుగుతది, కొన్ని సెకండ్లలోనే పలక ఊడిపోవచ్చు. అందుకే వెనక అంచు మీద అతుకు వేసినా, పాత రంగు తీయకుండా పైన కొత్త రంగు కొట్టినా, పలకను మళ్లీ తూచకుండా విమానానికి ఎక్కించరు. లోపల నిలిచిన నీళ్లు కూడా బరువే, అవి కూడా వెనక అంచుకే చేరుతయి. ఇన్నేండ్లు నేను రంగును అందం కోసమే అనుకున్న.

తయారు చేసిన కంపెనీ పుస్తకంలో ఎంత మేర తుప్పు తీసి వాడుకోవచ్చో, ఎంత దాటితే రేకు మార్చాలెనో రాసి ఉంటది. ఇది దాటింది. మార్చాలెనని రాసిండ్రు.

ఇటువంటిదాన్ని పట్టించుకోకపోతే ఏమైతదో చెప్పడానికి సారు ఒక పెద్ద విమానం కథ చెప్పిండు. 1988 ఏప్రిల్ 28న అమెరికాలోని హవాయి దీవుల్లో అలోహా కంపెనీ బోయింగ్ 737 ఒకటి హిలో నుంచి హొనొలులుకు పోతున్నది. పందొమ్మిదేండ్ల పాతది. దీవి నుంచి దీవికి చిన్న చిన్న దూరాలు, రోజంతా ఎక్కుడు దిగుడు, చుట్టూ సముద్రపు ఉప్పు గాలి. అప్పటికి 89,680 సార్లు ఎగిరి దిగింది. ఎగిరిన ప్రతిసారీ విమానం బుడగ లెక్క ఉబ్బి, దిగినప్పుడు సల్లబడుతది. పై కప్పు రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కించి జిగురుతో, రివిట్లతో అతికించినవి. జిగురు పట్టు వదిలింది, సందులోకి తడి పోయింది, తుప్పు పట్టింది, భారమంతా రివిట్ల మీద పడ్డది. రివిట్టు గుంతల కాడ పుట్టిన చిన్న పగుళ్లు ఒకదానితో ఒకటి కలిసిపోయినయి. 24,000 అడుగుల ఎత్తున ముందు భాగంలో 18 అడుగుల పొడుగు కప్పు ఎగిరిపోయింది. లోపలున్న 95 మందిలో ఒక ఎయిర్‌హోస్టెస్ గాలికి కొట్టుకుపోయింది, ఆమె శవం కూడా దొరకలేదు. మిగతా వాళ్లను పైలట్లు మౌయి దీవిలో దించిండ్రు. ఎక్కేటప్పుడు తలుపు దగ్గర పగులును ఒక ప్రయాణికురాలు చూసిందట. చూసి, ఎవరికీ చెప్పలేదట.

రెండో రోజు సారు తీరిగ్గా ఉన్నడు. నేను మిల్లోన్ని అని తెలిసి ఆయనే గుడ్డ విమానాల ముచ్చట తీసిండు. మన నేతోళ్లకు పనికొచ్చే ముచ్చట ఇది. మొదట్లో విమానాలన్నీ గుడ్డవే. చట్రం కర్రతోనో సన్నటి ఉక్కు గొట్టాలతోనో కట్టి, పైన గుడ్డ తొడిగి కుట్టేది. డకోటా వంటి రేకు విమానానికి కూడా ఐలరాన్లు, ఎలివేటర్లు, రడ్డరు గుడ్డతోనే కప్పేది, ఎందుకంటే అవి తేలికగా ఉండాలె. మన దేశంలో కూడా బెంగుళూరు హిందుస్తాన్ కార్ఖానాలో పుష్పక్ అనే గుడ్డ విమానం చేసిండ్రు. అది 1958లో మొదటిసారి ఎగిరింది. ఫ్లయింగ్ క్లబ్బుల్లో చాలా మంది దాని మీదనే నేర్చుకున్నరు.

ఆ గుడ్డ ఏంటిదో తెలుసా? గ్రేడ్ ఏ నూలు గుడ్డ. మెర్సరైజ్ చేసింది. అంగుళానికి 80 నుంచి 84 పోగులు, పడుగులోనూ అంతే, పేకలోనూ అంతే. చదరపు గజానికి నాలుగు ఔన్సుల బరువు. అంగుళం వెడల్పు పట్టీ కోసి లాగితే కొత్త గుడ్డ 80 పౌండ్ల దాకా తెగొద్దు. వాడినంక అది 56 పౌండ్లకు దిగిందంటే గుడ్డ మొత్తం విప్పి కొత్తది తొడగాలె. కొత్త లెక్క ఎంత, తీసేసే లెక్క ఎంత అని ఇంత ఖచ్చితంగా గుడ్డకు పెట్టింది నేను ఎన్నడూ వినలేదు. మనం నేసిన చద్దర్లకు, తువ్వాళ్లకు గిరాకీ పట్టుకొని లాగి చూసిందే పరీక్ష. గుడ్డ తొడిగినంక డోప్ అనే పూత పూస్తే అది డప్పు లెక్క బిగుసుకుంటది. మన గంజి పోగును గట్టిపరిచినట్టు అనుకోండ్రి. ఎండకు పోగు చివికిపోకుండా పైపూతలో అల్యూమినియం పొడి కలుపుతరు. ఇప్పుడు నూలు పోయి పాలిస్టర్ వచ్చింది, ఇస్త్రీపెట్టె పెట్టి బిగిస్తరు.

గుడ్డ విమానంలో తుప్పు వెతకడం ఇంకా కష్టం. ఉక్కు గొట్టాలకు ఎర్ర తుప్పే పడుతది గానీ గుడ్డ కప్పి ఉంటది. నీళ్లు ఎప్పుడూ అడుగు గొట్టానికే చేరుతయి. గుడ్డ మీద లోపలి నుంచి ఎర్ర మరక ఉబికిందా, పూత పగిలిందా అని ముందుగా అక్కడ చూస్తరు. గుడ్డ విప్పినప్పుడు గొట్టాన్ని మొన ఉన్న దబ్బనంతో పొడిచి చూస్తరు, మెత్తగా దిగితే గొట్టం పోయినట్టే. గొట్టం లోపలి పక్క తుప్పు పట్టకుండా పాత మిస్త్రీలు వేడి అవిసె నూనె పోసి, అన్ని దిక్కులకు తిప్పి, మిగిలింది వంపేసి, రంధ్రం మూసేటోళ్లట. అవిసె నూనె వాసన వస్తే ఆ షెడ్డే యాదికొస్తదని సారు అన్నడు. నాకు గంజి పొయ్యి వాసన ఎట్లనో ఆయనకు అది అట్ల.

మన ఇండ్లల్లో పిల్లలు ఉన్నోళ్ల కోసం రెండు ముక్కలు. ఈ పనిలోకి పోవాలంటే పన్నెండో తరగతిలో ఫిజిక్సు, కెమిస్ట్రీ, లెక్కలు చదవాలె. తర్వాత డీజీసీఏ ఒప్పుకున్న సంస్థలో చదివి, వాళ్ల పరీక్షలు రాసి, షెడ్డులో పని చేసిన అనుభవం చూపించినంకనే లైసెన్సు ఇస్తరు. చేరేముందు ఆ సంస్థకు డీజీసీఏ ఒప్పుకోలు ఉన్నదా లేదా కాగితం అడిగి చూడుండ్రి. బోర్డు చూసి ఫీజు కట్టకుండ్రి. లైసెన్సు లేనోళ్లు పని చెయ్యొచ్చు గానీ సంతకం పెట్టలేరు. మా బిడ్డకు ఇంకా సంతకం రాలేదు, రెండు పరీక్షలు మిగిలినయి. జీతం ఇప్పటికి అంతంత మాత్రమే. ఆడపిల్ల గ్రీజులో చేతులు పెట్టుడేంది అని మా వదిన మొదట్లో ఏడ్చింది. ఇప్పుడు ఏడుస్తలేదు, కానీ గోర్లలో నలుపు చూసినప్పుడల్లా సబ్బు తెచ్చి ఇస్తది.

ఆ పిల్ల మొదటి ఒంటరి ఎగురుడు తొమ్మిది రోజులు ఆలస్యమైంది. కొత్త రేకు వేసిన ఎలివేటర్‌కు రంగు ఎండినంక, పంకాలు ఆపి, తలుపులు మూసి, గాలి ఆడని చోట కత్తి అంచుల వంటి రెండు ఆధారాల మీద పెట్టి తూచిండ్రట. అప్పటికి నేను ఇంటికి వచ్చేసిన, ఇదంతా ఫోన్‌లో విన్నది. ఆ పిల్ల దిగినంక ఆచారం ప్రకారం ఆమె మీద బకెట్టు నీళ్లు గుమ్మరించిండ్రట. మా బిడ్డ అదేమీ చూడలేదట. అప్పుడు పక్క విమానం తోక కింద పడుకొని, ప్లాస్టిక్ పుల్లతో రంధ్రాలు ఒక్కొక్కటి పొడిచి చూస్తున్నదట. పన్నెండిట్లో రెండు మూసుకొని ఉన్నయి, ఒకదాంట్లో మళ్లీ కుమ్మరి పురుగే అని చెప్పింది.